ఎద్దు చెవిలో చెప్పిన మాట

కరీంనగర్‌కు బయల్దేరినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక గొడుగు, కేజీ వేటపాలెం జీడిపప్పు ఉన్నాయి. పప్పు కానుక కోసం. విరిగిన పప్పే కొన్నాను. పప్పు విరిగితే రుచి తగ్గదని, ధర మాత్రం తగ్గుతుందని మా నాన్న అనేవాడు. కానుక ఇచ్చేది చూపు సరిగా లేని పెద్దావిడకు కాబట్టి విరిగిందో లేదో తెలియదులే అని కూడా అనుకున్నాను. నా బుద్ధి ఎలాంటిదో మీకు ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదానికి మీరు ఆశ్చర్యపోరు.

మాది చీరాల. నాన్నది బట్టల కొట్టు. ఒక పక్క కిరాణా, ఒక పక్క ఇత్తడి సామాన్లు, ఎదురుగా చెప్పుల దుకాణం. ఆ మధ్యలో పెరిగినదాన్ని. ఎవరైనా ధర చెబితే, దానిలో సగం నా నోట్లోంచి అదే వచ్చేస్తుంది. ఇప్పుడు పిల్లల పుస్తకాలు అమ్ముతాను, అప్పుడప్పుడు ఒకటీ అరా అచ్చు వేస్తాను. కథల పుస్తకాలకు కొదవ లేదు. కానీ బట్ట ఎలా తయారవుతుంది, ఏట్లో ఇసుక ఎక్కడిది అని పిల్లలు అడిగితే చూపించడానికి మన ఊళ్ల సంగతులున్న పుస్తకం ఒక్కటీ ఉండదు. ఉన్నవాటిలో పెంగ్విన్లుంటాయి.

అలాంటి సమయంలో పాత పుస్తకాల కుప్పలో ఎస్తేరు టీచరు రాసిన చిన్న పుస్తకం దొరికింది. మగ్గం గురించి. ఏకబిగిన చదివేశాను. బట్టల కొట్టులో పుట్టిన నాకే తెలియని సంగతులు అందులో ఉన్నాయి. ఆరా తీస్తే ఆవిడ కరీంనగర్‌లో ఉన్నారని, చూపు మందగించిందని, ఇలాంటివి పదో పన్నెండో రాశారని, ఇప్పుడు ఏవీ దొరకవని తెలిసింది. ఎవరూ అడగని సరుకు చవగ్గా వస్తుంది. వెంటనే బస్సెక్కాను.

కరీంనగర్

బస్టాండు బయట సన్నటి ముసురు. ఇంటి పైకప్పంత నల్లరాతి దిమ్మెలు మోసుకుంటూ లారీలు బురదను ఇటూ అటూ చిమ్ముతున్నాయి. చర్చి వెనక గల్లీకి వెళ్లాలంటే ఆటో అతను వంద అన్నాడు. యాభై అన్నాను.

"యాభైకైతే ఆటో నువ్వు నూకాలె అక్కా, నేను లోపల కూసుంట" అన్నాడు.

ఎనభైకి తెగింది. గెలిచానన్న ఆనందం మూడు నిమిషాలే. రెండు మలుపులు తిప్పి దించేశాడు. నడిచినా గొడుగు పూర్తిగా తడిసేది కాదు.

ఎస్తేరు టీచరుకు ఎనభై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి, తెల్ల చీర, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు. చెల్లెలి కూతురు సునీత దగ్గర ఉంటారు. సునీత ఆస్పత్రిలో నర్సు. టీచరు నాతో మాట్లాడుతూ నా భుజం వైపే చూస్తుంటే వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"ఎవ్వరు లేరు బిడ్డా" అన్నారు నవ్వి. "నా కండ్లకు నడుమ మబ్బు గమ్మింది. ఎదురుంగ చూస్తే నీ మొఖం ఉండదు. పక్కకు చూస్తే జరంత కనబడ్తవ్. అంచులు మిగిలినయ్ అంతే. అవి గూడ ఎన్ని రోజులో డాక్టరు చెప్తలేడు."

తర్వాత జీడిపప్పు పొట్లంలో చెయ్యి పెట్టి తడిమి, "ముక్కలు మంచియి తెచ్చినవ్. నమిలే పని లేదు" అన్నారు. నేను మబ్బుల వంక చూశాను.

ఆవిడ మెథడిస్టు మిషన్ వాళ్ల ఇంట్లో పుట్టారు, లక్సెట్టిపేట దగ్గర. తండ్రి కూలి. చదివి టీచరమ్మ అయ్యారు. బళ్లో పిల్లలు అడిగే ప్రశ్నలకు తనకూ జవాబు తెలియక, సెలవుల్లో వెళ్లి చూసి వచ్చి రాయడం మొదలుపెట్టారు. చూడనిది రాయలేదు. ఆవిడ పని పద్ధతి ఒకటుంది: పెద్దవాళ్లను అడిగేవారు కాదు, ఆ ఊరి పిల్లల్నే అడిగేవారు. ప్రశ్న అడిగిన పిల్లలకు ఒక పిప్పర్మెంటు బిళ్ల, జవాబు చెప్పిన వాళ్లకు రెండు.

"పెద్దోళ్లు పెద్దగ చెప్తరు. పోరలు చూసింది చెప్తరు" అన్నారు.

ఆ పుస్తకాలు చేతిసంచిలో వేసుకుని బడి బడికీ తిరిగి అమ్ముకున్నారట. సభలకు పిలిచిన చోటల్లా 'కథలు రాసే ఎస్తేరమ్మ' అని పరిచయం చేసేవారు. "కథలు కాదయ్యా, ఉన్నది రాస్త" అని లేచి చెబితే జనం చప్పట్లు కొట్టేవారు, కింద కూర్చోమని. పెళ్లి చేసుకోలేదు. పదవీ విరమణ నాటికి అచ్చువేసిన ప్రెస్సు మూతపడింది. బొమ్మలు మిగిలినవి మూడే పుస్తకాలకు: నేత, గోదావరి ఇసుకలో పుచ్చతోటలు, ఆదిలాబాద్ ఎడ్ల పండుగ.

మూడూ కావాలన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు.

"ముప్పై ఏండ్ల కింద ఉన్నది రాసిన. ఇప్పుడున్నదో లేదో తెల్వకుండ పోరల చేతిల ఎట్ల పెడుత? పోయి చూద్దాం. ఉన్నది ఉన్నట్టుంటే అచ్చెయ్యి. లేకుంటే ఇడిచిపెట్టు. నా కండ్లు ఆరిపోకముందు ఒక్కపారి చూసుకుంట. నాకు కనబడనిది నువ్వు చెప్పు."

సరుకు అమ్మేవాడి తరఫున కొనేవాడే తూకం వేయడం. ఇంతకంటే మంచి బేరం మా వీధిలో ఎవరికీ దొరికి ఉండదు.

హుస్నాబాద్

మర్నాడు పొద్దున బస్సులో టీచరు ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్నారు. నేనూ చూపించాను. కండక్టరమ్మ నా కార్డు చూసి నా ముఖం చూసింది.

"ఆంధ్రది నడువదమ్మా. పైసలియ్యాలె."

"మా ఊళ్లో నాకూ ఊరికేనండీ."

"అయితే మీ ఊరికి పోయి ఎక్కు" అంది. బస్సంతా నవ్వింది. టీచరు కూడా.

హుస్నాబాద్‌లో మేం వెతికింది సత్తయ్య ఇల్లు. మగ్గం పుస్తకంలో నేత నేసే తండ్రి పక్కన కూర్చుని కండెలు చుడుతున్న పిల్లవాడి బొమ్మ ఉంది. ఆ పిల్లవాడే సత్తయ్య. వీధి మొదట్లోనే టీచరు ఆగిపోయారు. రేకుల షెడ్డుల్లోంచి ధడధడమని ఒకటే మోత. మా చీరాల మగ్గం మనిషి ఊపిరి తీసుకున్నట్టు ఆగి ఆగి పలుకుతుంది. ఇది రైలు పెట్టె కింద నిలబడ్డట్టుంది.

"నేను చూడవల్సిన పని లేదు. ఇనబడ్తనే ఉన్నది" అన్నారు.

సత్తయ్య షెడ్డులోంచి వచ్చాడు. జుట్టు మీద, కనురెప్పల మీద దూది పొడి. కరెంటు మగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా నాలుగు సాంచాల మధ్య నడుస్తూనే ఉంటాడు. అవీ సొంతం కాదు, సేటువి. టీచరును గుర్తుపట్టి కాళ్లకు దండం పెట్టాడు. ఇంటికి తీసుకెళ్లి భార్యతో సర్వపిండి చేయించాడు. గిన్నె అడుగున ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి. మా తపాలచెక్కకు చెల్లెలు, కానీ కారం విషయంలో అక్క.

"బాపు మగ్గం ఏడున్నది సత్తయ్యా?" అని అడిగారు టీచరు.

సత్తయ్య మంచం కింద నేల చూపించాడు. "గీడనే. గుంత పూడ్చి సిమెంటు ఏసినం. కట్టె కొంత పొయ్యిలకు పోయింది. బాపు సచ్చిపోయిన యాడాది చలి మస్తుండె."

నేను చటుక్కున అందుకున్నాను. "ఇక్కడ లేకపోయినా మా చీరాలలో ఉన్నాయి కదండీ గుంటమగ్గాలు. పుస్తకం అబద్ధం ఎలా అవుతుంది?"

టీచరు కాస్త మెత్తబడ్డట్టే కనిపించారు. అప్పుడు సత్తయ్య నవ్వుతూనే ఒక మాట చెప్పాడు.

"మా చిన్నోడు మీ పుస్తకం సదివిండు టీచరమ్మా. నా దగ్గర ఉండె ఒకటి, దాసుకున్న. సదివి ఏమన్నడో ఎర్కేనా? 'బాపూ, నువ్వు సాలోనివి కాదు. సాలోని కాళ్లు గుంతల ఉంటయ్. నువ్వు ఉత్తగ బటన్ నొక్కుతవ్' అన్నడు. బడిల గూడ గదే చెప్పిండట."

సత్తయ్య భార్య ఇంకో ముక్క వడ్డించబోతే టీచరు చెయ్యి అడ్డం పెట్టారు.

షెడ్డు దగ్గర నేను తువ్వాళ్లు బేరమాడాను. అలవాటు. నలభై అన్నదాన్ని ముప్పైకి దించి అరడజను కొన్నాక, మీటరుకు తనకు ముట్టేదెంతో సత్తయ్య మాటల్లో బయటపడింది. ఆ తువ్వాళ్లు ఇప్పటికీ మడత విప్పలేదు.

తిరుగు బస్సులో టీచరు, "మగ్గం పుస్తకం వద్దు" అన్నారు. "కాని..." అన్నాను. "వాని కొడుకు ముంగట వాణ్ని చిన్న చేసింది నా పుస్తకం. ఇగ వద్దు."

మూడులో ఒకటి పోయింది.

లక్సెట్టిపేట

ఇక్కడ నేను చేసిన పని చెప్పకపోతే ఈ యాత్ర మీకు అర్థం కాదు.

గోదావరి పుస్తకం ఆవిడకు మిగతావాటికంటే దగ్గర. వేసవిలో ఏరు ఒక పక్కకు ఒదిగితే, ఆవిడ బాపు ఆ ఇసుకలో గుంటలు తవ్వి, పెంట వేసి, పుచ్చ, దోస, కర్బూజ తీగలు పెట్టేవాడు. వానలు పడేలోపు కాయ అమ్మేయాలి. పుస్తకంలో ఆ తోట కాపలా గుడిసె, గుడిసెలో ఎస్తేరు అనే పిల్ల కూడా ఉన్నాయి.

ముందు ఒక మెస్సులో బొమ్మె చేప పులుసుతో భోజనం చేశాం. సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఏటి చేపను చిన్నచూపు చూస్తాను. రెండోసారి వడ్డించమని నేనే అడిగాను. తర్వాత ఒడ్డుకు వెళ్లాం. కిందెక్కడో ప్రాజెక్టు కట్టాక ఇక్కడ నీళ్లు ఏడాది పొడుగునా నిలిచిపోయాయని మెస్సులోనే చెప్పారు. ఎదురుగా చూపు ఆగినంత వరకూ మట్టిరంగు నీరు. అవతలి ఒడ్డు వానలో కలిసిపోయింది. కరెంటు స్తంభం ఒకటి నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది, దానికి తీగలు లేవు.

టీచరు తల పక్కకు తిప్పి, అంచులతో చూడబోయారు. "అంతా తెల్లగనే ఉన్నది. ఏం కనబడ్తుంది బిడ్డా?"

ఒక పుస్తకం పోయింది. ఇది కూడా పోతే నా రాకపోకల ఖర్చు మునిగినట్టే. "వానాకాలం కదండీ, నీళ్లున్నాయి. దూరంగా ఇసుక మేట కనిపిస్తోంది. పెద్దదే" అన్నాను.

"మీద మనుషులున్నరా?"

"ఇద్దరు నడుస్తున్నారు."

అప్పుడే తెప్ప ఒడ్డుకు లాగుతున్న ఒకతను దగ్గరికి వచ్చాడు. టీచరు ఆ చప్పుడు వైపు తిరిగి, "అయ్యా, గా ఇసుక మీద ఇప్పుడు ఎవలన్న పుచ్చ ఏస్తుండ్రా?" అని అడిగారు.

"ఇసుకేడిదవ్వా? గీడ రెండు మనుషుల లోతు నీళ్లు. ఎండకాలం గూడ గింతే. పుచ్చకాయ తినబుద్ధైతే మార్కెట్ల లారీ దిగుతది, ఆడ కొనుక్కో."

"మరి నీళ్లల్ల ఇద్దరు నడుస్తుండ్రట గద?"

అతను నా వైపు చూశాడు. "నీళ్ల మీద నడిచినాయన ఒక్కడే అని మీ చర్చిల చెప్తరు గదవ్వా" అన్నాడు. అని వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నాకు నీళ్లలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ తిట్టలేదు. చాలాసేపు తడుస్తూ నిలబడ్డారు. గొడుగు పట్టబోతే పక్కకు జరిగారు.

"మా బాపు గుడిసె గిప్పుడు నీళ్ల కింద ఎంత లోతుల ఉన్నదో గూడ నాకు తెల్వది. అదన్న తెలుస్తదని వచ్చిన" అన్నారు చివరికి. "నువ్వు దుకాణం పిల్లవు. సరుకు మంచిదని చెప్పుడు నీకు రివాజు. నీది తప్పు కాదు, నిన్ను అడుగుడు నాది తప్పు. రేపటి సంది నిన్ను అడుగ."

తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేదాన్ని. గొడుగు ముడిచి, ఆవిడ వెనకే తడుస్తూ నడిచాను.

ఆదిలాబాద్

ఉట్నూరు అడవిలో టేకు చెట్లన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. మామూలుగా అయితే టీచరుకు చెప్పేదాన్ని. చెప్పలేదు. పక్క సీటులోని గోండు పిల్లను అడిగి ఆవిడే తెలుసుకున్నారు, ఆ పిల్లకు బిళ్లలు కూడా ఇచ్చారు.

ఆదిలాబాద్‌లో లాడ్జి గది అద్దె వందన్నర తగ్గించాను. అందుకు తగ్గట్టే నీళ్ల ట్యాంకు కింద గది ఇచ్చాడు. రాత్రంతా గోడ చెమర్చుతూనే ఉంది. టీచరు పడుకున్నారో మేలుకున్నారో తెలియలేదు. మా మధ్య ఒక బకెట్టు, అందులో చుక్క చుక్కా పడే నీరు.

మేం వెళ్లాల్సిన ఊరు మహారాష్ట్ర సరిహద్దు పక్కన. పొలాల అమావాస్యను ఇక్కడ పోలా అంటారు. ఆ రోజు ఎడ్లకు పని చెప్పరు, కడిగి, కొమ్ములకు రంగు వేసి, బొబ్బట్లు తినిపిస్తారు. మా వైపు కనుమనాడు చేసే మర్యాద వీళ్లు వానాకాలంలోనే తీర్చేస్తారు. టీచరు పుస్తకం ఆ పండుగకు ముందురోజు సాయంత్రం గురించి. ఎడ్ల మెడలకు నెయ్యి, పసుపు రాసి, ఇంటి తాత ఎద్దు చెవిలో 'తప్పైంది, ఈ ఏడు నిన్ను కొట్టినం, మాఫ్ చెయ్' అని చెబుతాడు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన పుట అదే. సరిగ్గా ఆ సాయంత్రానికే చేరాం.

నల్లమట్టి చెప్పుల్ని లాగేసుకుంటోంది. పత్తి చేలు వాన ఎక్కువై ఎర్రబారాయి. ఊరంతా కలిపితే ఎడ్ల జతలు నాలుగో అయిదో. మిగతా ఇళ్ల ముందు ట్రాక్టర్లు. బడి ముందు ఆ కొద్ది ఎడ్లనే నిలబెట్టారు. పిల్లలు వరస కట్టారు.

టీచరు నన్ను అడగలేదు. వరస చివర ఉన్న పిల్లను పట్టుకున్నారు. ఎనిమిదేళ్లుంటాయి, పేరు వైష్ణవి.

"ఏం జేస్తుండ్రు బిడ్డా?"

"బైలు చెవుల చెప్తం" అంది. అక్కడ ఎద్దును బైలంటారు.

"ఏమని?"

"తప్పైంది, మాఫ్ చెయ్ అని."

టీచరు నా చెయ్యి పట్టుకున్నారు. గోదావరి ఒడ్డు తర్వాత మొదటిసారి. "ఇంటున్నవా? ఉన్నది! గిదైతే ఉన్నది!" ఆవిడ ముఖం అంత వెలగడం నేను చూడలేదు. నేనూ లోపల లెక్క మొదలుపెట్టాను. ఒక్క పుస్తకమైనా చాలు, అట్ట గట్టిది వేసి, బొమ్మలు రంగుల్లో వేసి...

"ఎందుకు మాఫీ? నువ్వు ఎద్దును కొట్టినవా?" అన్నారు టీచరు.

"మాకు బైల్లు లేవు. ట్రాక్టరున్నది. సారు అందర్ని చెప్పమంటడు." కాస్త ఆలోచించి, "ట్రాక్టరుకు చెవులుండయ్ గదా" అంది.

వైష్ణవి తండ్రి వచ్చాడు. బొద్దుగా, నవ్వు ముఖం, చేతులకు గ్రీసు. పేరు గజానన్. టీచరును చూడగానే కేక పెట్టినంత పని చేశాడు. పుస్తకంలో ఎద్దు పక్కన నిలబడ్డ పిల్లవాడు ఇతనే. ఇంటికి లాక్కుపోయి జొన్నరొట్టె, పప్పు, ఉల్లిగడ్డ పెట్టాడు. ఎంత వద్దన్నా పెరుగు పోశాడు.

"మీ తాత ఎద్దు చెవుల చెప్పుడు నేను నా కండ్లతోని చూసిన. ఇంక నడుస్తుంది. మస్తు ఖుషీ అయింది గజానన్" అన్నారు టీచరు.

గజానన్ రొట్టె తుంచడం ఆపి, పకపకా నవ్వాడు. "టీచరమ్మా, మీరు ఇంక గదే నమ్ముతుండ్రా? గది నేను జోడించింది!"

"ఏంది?"

"తాత మరాఠీల ఏదో అన్నడు. మీరు నన్నడిగిండ్రు ఏమన్నడని. నాకు ఇనబడలే. తెల్వదంటే బిళ్లలు రావు. రెండు బిళ్లలు టీచరమ్మా! గా పొద్దుగాల్నే ఎద్దును ముల్లుకట్టెతో పొడిచి బాపు చేత దెబ్బలు తిన్న. గది యాదికుండె. 'మాఫ్ చెయ్ అంటుండు' అని చెప్పిన."

సరుకుకు ధర కడితే సరుకు రాక తప్పదు, కల్తీదైనా సరే. మా వీధిలో ఏ పసివాడైనా ఆవిడకు ఈ మాట చెప్పేవాడు. చెప్పేవాళ్ల మధ్య ఆవిడ పెరగలేదు.

టీచరు చేతిలో రొట్టె కింద పెట్టారు. "మరి మీ తాత ఏమన్నడు?"

"పెద్దగైనంక తెలిసింది. పిలుపు. 'ఇయ్యాల పిలుపు అందుకోండ్రి, రేపు మా ఇంటికి బువ్వకు రాండ్రి' అని ఎడ్లను పిలుచుడు. సుట్టాలను పిలిచినట్టు. ముసలోళ్లు పోయిన్రు. సారు మీ పుస్తకం సూసి పోరలకు నేర్పిండు, ఆయన ఎనక వచ్చిన సారు గూడ. ఇప్పుడు పిలిచేటోడు ఒక్కడు లేడు. ముప్పై ఏండ్ల సంది మా ఎడ్లు పిలువని పేరంటానికి వస్తున్నయనుకో!" మళ్లీ నవ్వాడు. నవ్వుతూ ఆవిడ వైపు చూసి ఆగిపోయాడు. "అరే, టీచరమ్మా... చిన్నప్పటి ముచ్చట..."

ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే లేచారు. నా భుజం పట్టుకుని, "బడి కాడికి తీస్కపో" అన్నారు.

వరస ఇంకా సాగుతోంది. టీచరు బడి సారును పిలిచి, అందరికీ వినబడేలా చెప్పారు. "నేను రాసింది తప్పు. ఎద్దును మాఫీ అడుగుడు మీ రివాజు కాదు. బువ్వకు పిలుచుడు మీ రివాజు. నాకు తెల్వక రాసిన. పోరలకు గిది ఆపుండ్రి."

సారు కుర్రవాడు. మర్యాదగా విన్నాడు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం కస్సుమంది.

"ఎవరామె? మా అత్త నాటి సంది గిదే నడుస్తుంది. మా సాంప్రదాయం మాకు చెప్తదా?"

"గీ పుస్తకం రాసిన టీచరమ్మ గామెనే మావషీ" అన్నాడు గజానన్.

"అయితే పుస్తకంల కరెక్టుగనే రాసింది గద. ఇప్పుడు ముసలితనంల యాది తప్పుతుంది పాపం. కూసుండవెట్టి చాయ పొయ్యుండ్రి."

సారు కుర్చీ తెచ్చాడు. టీచరు కూర్చోలేదు. గజానన్‌ను సాక్ష్యం చెప్పమన్నట్టు అతని వైపు తిరిగారు. అతను ఊరివాళ్ల ముందు తల గోక్కున్నాడు. "ఏమో టీచరమ్మా, నేను అప్పుడు చిన్న పోరన్ని" అన్నాడు. వైష్ణవి వంతు వచ్చింది. ఎద్దు చెవి పట్టుకుని, మునివేళ్ల మీద లేచి చెప్పింది. ఎద్దు తల విదిలించింది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

ఆదిలాబాద్ వెళ్లే జీపు ఎక్కబోతుంటే సారు చినిగిన పుస్తకం తెచ్చి చూపించాడు. మధ్య పుటలు ఊడిపోయాయి. "మేడమ్, కొత్తవి అచ్చేస్తే మాకు జర పంపుండ్రి. ప్రతి ఏడు గిదే సదివి చేస్తున్నం." ఆ మాట ఆవిడకు వినబడకూడదని నేను గొడుగు అడ్డం పెట్టాను, గొడుగు మాటలను ఆపుతుందన్నట్టు.

తిరుగు దారి

బస్సు నిర్మల్ దాటింది. నేను ఈసారి బేరం పెట్టుకోలేదు. మూడూ పోయాయి. అది నాకు నష్టం. ఆవిడకు జరిగినదాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఒకచోట బస్సు ఆగి, మొక్కజొన్న కంకుల పొగ కిటికీలోంచి లోపలికి వచ్చినప్పుడు ఆవిడే అన్నారు.

"గా ఎద్దు పుస్తకం అచ్చెయ్యి."

నేను తప్పు విన్నాననుకున్నాను.

"గా ఊళ్లె ఇప్పుడది నిజమే గద. నేను రాసిన నాడు అబద్ధం. ఇయ్యాల పోరలు చేస్తుండ్రు, నేను చెప్పినా ఆపుతలేరు. గా ఊరి బడికి ఎన్ని కావాల్నో అన్నే వెయ్యి. గా ఊరు దాటితే మళ్ల అబద్ధమే. బయట ఒక్కటి గూడ అమ్మొద్దు."

ఒకే ఊరికి అమ్మే పుస్తకం. మా వీధిలో ఎవరితోనైనా చెబితే నాకు మంత్రం వేయించేవారు. "సరేనండీ" అన్నాను.

"ఇంకోటి. నా పేరు తీసెయ్యి."

"అదెలా కుదురుతుందండీ? రాసింది మీరే కదా."

"నేను చూసి రాసినదానికే నా పేరు. గీ మాట నేను ఇనలే. గజానన్ చెప్పిండు. వాని పేరు పెట్టు."

చిన్న అక్షరాల్లో వేస్తానన్నాను. వెనక అట్ట మీద వేస్తానన్నాను. మొదటి అక్షరం మాత్రమే వేస్తానన్నాను. జీవితమంతా నేర్చిన విద్య అంతా పరిచాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అటు చూస్తున్నారంటే, నా వైపే చూస్తున్నారేమో కూడా.

చీరాల వచ్చాక గజానన్‌కు ఫోన్ చేశాను. విని కంగారుపడ్డాడు. "వద్దక్కా! నా పేరు ఏస్తే ఊళ్లె నా ఇజ్జతేం గావాలె? తాతల నాటి రివాజును గజాననే పుట్టిచ్చిండంటరు. నీకు దండం పెడత, ఏదన్న వేరేటోళ్ల పేరు పెట్టుకో."

వేరేవాళ్లెవరూ లేరు. ప్రెస్సు అతను యాభై కాపీలంటే నవ్వి, పెళ్లి శుభలేఖలే ఇంతకంటే ఎక్కువ వేస్తామన్నాడు. పేరు చోట ఏం పెట్టమంటారని అడిగాడు. ఏమీ పెట్టొద్దన్నాను.

మొన్న పుస్తకాలు వచ్చాయి. కరీంనగర్‌కు ఫోన్ చేస్తే సునీత ఎత్తి, ఇప్పుడు అంచులు కూడా మసకబారాయని, వెలుతురు చీకటి మాత్రమే తెలుస్తున్నాయని మెల్లగా చెప్పి, ఫోన్ టీచరు చేతికిచ్చింది.

"అట్ట మీద ఏమున్నది బిడ్డా?"

"ఎద్దు బొమ్మ ఉందండీ. మెడలో గంట. పైన పుస్తకం పేరు."

"కింద?"

"ఏం లేదండీ."

నేను ఏదైనా మంచి మాట అనాలని వెతుక్కుంటున్నాను.

"ఎద్దు కొమ్ములు ఎటు వంగినయ్?" అన్నారు టీచరు. "మంచిగ చూసి చెప్పు."

పుస్తకం వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒకటి లోపలికి వంగింది. రెండోది బొమ్మ వేసినవాడు సగంలో వదిలేశాడు.

అలాగే చెప్పాను.